కోసిన మూలలు

నా మాట నమ్మమని నేనెవర్నీ అడగను. మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. నేను కుట్టిన నిఘంటువు ఒకటి వరదలో తేలుతూ పోయి ఇద్దరు మనుషుల్నీ ఒక మేకనీ ఒడ్డుకు చేర్చిందని నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. మొదట్లో మేక లేదు, తర్వాత ఎక్కింది. ఈ కథలో ఎక్కడైనా మేక కనిపిస్తే అనుమానించండి. మిగతాది జరిగిందే.

అది ఎన్నికల వేసవి. పొద్దున ఏడు కొట్టగానే వీధిలోకి మైకు బండి వచ్చేది. ఆ బండి మలుపు తిరిగీ తిరగకముందే ఇంకో బండి. మొదటిది "మనది మనకే" అని అరిచేది. రెండోది "అందరికీ అన్నీ" అని అరిచేది గానీ, ఎవరికి ఏమిటో చెప్పేది కాదు. ఆ గోలకి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, పడుకుంటే పడుకోబుద్ధి కాదు. మేడ మెట్లు దిగడం, ఎక్కడం. పద్దెనిమిది మెట్లు. ఆ వేసవిలో నేను ఎక్కిన మెట్లన్నీ నిలబెడితే చందమామ దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి, తిరిగి రావచ్చు.

మెట్ల కింద గ్రంథాలయం, పైన మేముండే రెండు గదులు. మా అమ్మాయి ఆ గ్రంథాలయానికి అధికారి. నేను పుస్తకాలు కుట్టేవాణ్ణి. పల్లెటూరి బళ్ళో ఐదు దాకా చదివి, ఆరో తరగతి మీద అలిగి, సూదీ దారం పట్టుకున్నాను. గ్రంథాలయ సంఘం ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ముప్పై నాలుగేళ్ళు అట్టలు కోశాను, పిండి జిగురు కాచాను, సంఘం కింద ఉన్న ముప్పై మూడు గ్రంథాలయాల పుస్తకాలకీ బైండింగు చేశాను. రిటైరై నాలుగేళ్ళయింది అప్పటికి. కత్తి మాత్రం జేబులోనే ఉండేది. చెయ్యి ఊరుకోదు కదా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో రేవు పక్కన ఉండేవాళ్ళని రేవువాళ్ళంటారు. వాళ్ళ ముత్తాతలు పడవల్లో వచ్చారు. మా ముత్తాతలు నడిచి వచ్చారు. అక్కడే మొలకెత్తినవాడు ఒక్కడూ లేడు. కానీ పడవ దిగినవాడి రంగు వేరు, జుట్టు వేరు, ఇంట్లో మాట్లాడే మాట వేరు. అందుకని నడిచొచ్చినవాడు ఊరంతా తనదే అనుకున్నాడు. గ్రంథాలయంలో రేవువాళ్ళకీ కార్డు ఇస్తారు. అయితే ఆ కార్డుకి పైన కుడివైపు మూల కోసి ఉంటుంది. మూల ఉన్న కార్డు చూపిస్తే పుస్తకం ఇంటికి ఇస్తారు. లేనిది చూపిస్తే అక్కడే కూర్చుని చదివి వెళ్ళాలి. కాదని ఎవరూ నోటితో అనక్కర్లేదు. కార్డు చూస్తే చాలు. ఎవరి నోరూ పాడవదు.

ఆ మూల మీదే కార్డు నంబరు అచ్చై ఉండేది. మూలతో పాటు అదీ పోతుంది గనక, కార్డు మధ్యలో మళ్ళీ చేత్తో రాసేవాళ్ళు.

మా సందు చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ రేవువాళ్ళ మనిషి. రోజూ మధ్యాహ్నం బొగ్గులు చల్లారేవేళకి వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఒకే నవల చదివేది. లావు పుస్తకం. సరిగ్గా నాలుగు పేజీలు చదివి, పెదాలు కదుపుతూ ఒకసారి నెమరేసుకుని, లేచిపోయేది.

ఒకరోజు మా అమ్మాయి అడిగింది. "పరీక్షకి చదువుతున్నట్టు అలా వల్లె వేస్తావేంటమ్మా?"

"మా అమ్మకి చూపు పోయింది మేడమ్. మంచం దిగదు. ఇంటికెళ్ళి చెప్పాలి. నాలుగు పేజీలు దాటితే మర్చిపోతా."

"మరి నాలుగూ గుర్తుంటాయా?"

"మూడుంటాయి." నవ్వింది. "నాలుగోది నేనే వేస్తా. మా అమ్మ పట్టేస్తుంది. ఇది పుస్తకంలోదా, నీదా అంటుంది."

నా సాటి కళాకారిణి దొరికిందని నేను మురిసిపోయాను. మా అమ్మాయి మురవలేదు. ఆవిడ కార్డు చేతిలో పట్టుకుని, లేని మూల మీద బొటనవేలు ఆడిస్తూ నిలబడిపోయింది. ఆ సాయంత్రమే సంఘం నిబంధనల పుస్తకం ముందేసుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. మూల కొయ్యమని ఎక్కడా లేదు. కొయ్యొద్దని కూడా లేదు. సంఘం ఆఫీసు నుంచి కార్డుల కట్టలు రెండు రకాలుగా వస్తాయి, ముప్పై మూడు చోట్లా అలాగే ఇస్తారు, అంతే.

మర్నాడు ఒక తీర్మానం రాసింది. "ఇకమీదట ఏ సభ్యుని కార్డు మూలా కోయరాదు. కోసిన కార్డులన్నిటినీ మార్చి ఇవ్వాలి." సంఘం ఏటేటా జరిపే సమావేశం ఆ ఏడు మా గ్రంథాలయంలోనే. పోలింగుకి పదకొండు రోజుల ముందు.

తీర్మానం కాగితం ఆఫీసుకి చేరిన మూడో రోజు, సంఘం అధ్యక్షుడు స్వయంగా మా మేడ మెట్లెక్కి వచ్చాడు. ఆయనకి మేము పెట్టుకున్న పేరు సర్దుబాటు గారు. ఎవరికి ఏం జరిగినా "సర్దుకుందాం" అనేవాడు. చెడ్డవాడు కాదు. నాకు రెండుసార్లు సెలవు ఇప్పించాడు.

"అమ్మా," అన్నాడు కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటూ, "ఎన్నికల వేళ ఇదెందుకు? గ్రంథాలయానికి ఒక రంగు లేదు, ఒక పార్టీ లేదు. మనం ఎటూ ఉండం. అదే మన గౌరవం."

"మూల కోసినప్పుడే ఒకవైపు ఉన్నాం కదండీ."

"ఎవరమ్మా కోసింది? నిబంధన ఉందా? లేదు. నువ్వే చదివావటగా. లేనిదాన్ని రద్దు ఎలా చేస్తాం?"

"కార్డులు కనిపిస్తున్నాయిగా."

"అట్ట కార్డులమ్మా. పాతబడతాయి, చిరుగుతాయి." ఆయన నావైపు తిరిగాడు. "ఏమోయ్ బైండరూ, నువ్వు చెప్పు. మన షెడ్డులో ఎలుకలు తక్కువా?"

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. లేదా సరిగ్గా తెరవాల్సింది. రెండూ చెయ్యలేదు. నా అలవాటు చొప్పున ఒక కథ అందుకున్నాను. "తక్కువా! బాగా చదువుకున్న ఎలుకలండీ అవి. ఒకటి ముసలిది, కళ్ళజోడు పెట్టుకునేది. కట్టలో కార్డులు చూసి, కుడి మూల మాత్రమే కొరికేది. ఎడమ మూల ఇస్తే అలిగి వెళ్ళిపోయేది."

సర్దుబాటు గారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు. నన్ను ఒక్క క్షణం చూసి, టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన వెళ్ళాక అంది: "నాన్నా, నీ కథలకి ఒక సమయం ఉంటుంది."

"సరదాకన్నాన్లేవే."

"నీకు సరదా."

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు, పగలు నిలకడ లేదు. ఎందుకంటే ఆ ఎలుక ఎవరో నాకు తెలుసు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, అప్పటి మేనేజరు ఒక కార్డుల కట్ట నా ముందు పెట్టి, "వీటికి కుడి మూల కొయ్యి" అన్నాడు. కోశాను. ఎందుకని అడగలేదు. తర్వాత ఎందుకో తెలిసింది. అప్పుడూ అడగలేదు. నాకు కొలతలో తేడా రాదు. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే వంద కార్డులూ ఒక్క కార్డులా ఉండేవి. దానికి మెచ్చుకునేవాళ్ళు కూడా. రిటైరయ్యే నెలలో, నా తర్వాత వచ్చేవాడికి చెయ్యి కుదరదేమో అని, పదేళ్ళకు సరిపడా కోసి, కట్టలు కట్టి, బీరువాలో పెట్టి మరీ వచ్చాను. అంత బుద్ధిమంతుణ్ణి.

మా అమ్మాయికి ఇది తెలీదు. షెడ్డులో కూర్చుని ఎక్కాలు చదువుకున్న పిల్లే. కానీ అప్పుడు దానికి అవి అట్ట ముక్కలు.

నిలవలేక ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒక తెల్ల చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లుతోంది. వీధిలో మైకు "మన పుస్తకాలు మన పిల్లలకే" అంటోంది. మా తీర్మానం సంగతి అప్పటికే బయటికి పాకిపోయిందన్నమాట.

"వింటున్నావా?" అన్నాను.

"వినకపోతే ఊరుకుంటుందా బాబాయ్? ఆ బండి మీదున్నాయన చొక్కా కూడా నేనే ఇస్త్రీ చేశాను. పొద్దున్నే. మడత నలగకూడదని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు."

"కోపం రాదూ?"

"వస్తే చొక్కా కాలుతుంది." పెట్టె ఎత్తి బొగ్గులు ఊదింది. "మీటింగులో మేడమ్ గెలుస్తుందంటావా?"

"ఏమో."

"గెలిస్తే ముందు ఆ నవల ఇంటికి తీసుకెళ్తా. ఇంకా సగం ఉంది. ఈ లెక్కన మా అమ్మకి చివరిదాకా చెప్పడానికి ఇంకో నాలుగు నెలలు పడుతుంది. అంతకాలం..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. కాలరు తిప్పి వేసింది. "మా అమ్మ కార్డు తడిమి చూసింది బాబాయ్. ఇక్కడ ముక్క ఏదే, అంది. కోశారన్నాను. కోసిన ముక్క ఏం చేస్తారే, అంది. నాకేం తెలుసు? నువ్వు అక్కడ పనిచేశావుగా. ఏం చేస్తారు?"

నా దగ్గర లేని అబద్ధం ఉండదు. ఆవేళ ఒక్కటీ రాలేదు. "కనుక్కుంటాను" అని వచ్చేశాను.

కనుక్కునేదేముంది? బైండింగు పనివాడు ఏదీ పారెయ్యడు. కార్డు అట్ట గట్టిది. లావు పుస్తకాలకి, రిజిస్టర్లకి అట్ట మూలలు త్వరగా నలుగుతాయి. అందుకని గుడ్డ అతికించే ముందు ఆ మూడుకోణాల ముక్కల్ని మూలల్లో పెట్టి, పైన గుడ్డ మడిచేవాణ్ణి. అలా కుట్టిన పుస్తకం నేల మీద పడ్డా మూల నలిగేది కాదు. నా పుస్తకాలకి అంత పేరు రావడానికి అదొక కారణం. ఆ సాయంత్రం చదివే గదిలో అల్మారాల వెంట నడుస్తూ పుస్తకాల మూలలు నొక్కి చూశాను. గట్టిగా ఉన్నాయి. చాలా గట్టిగా.

సమావేశం రోజు చదివే గదిలో బల్లలన్నీ కలిపి వేశారు. ముప్పై మూడు గ్రంథాలయాల నుంచి ముప్పై మూడు మంది. రెండు ఫ్యాన్లు. వాటిలో ఒకటి తిరిగేది, రెండోది ఆలోచించేది. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే మైకు. నేను గోడ పక్కన స్టూలు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఇస్త్రీ ఆవిడ గుమ్మం బయట నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

మా అమ్మాయి తీర్మానం చదివింది. ఇస్త్రీ ఆవిడది, ఇంకో ఆరుగురివి కార్డులు బల్ల మీద పరిచింది.

ఒకాయన "ఎన్నికలయ్యాక చూద్దాం" అన్నాడు. ఇంకొకాయన "ఇంటికిస్తే పుస్తకాలు తిరిగొస్తాయా?" అన్నాడు. "మూలలున్నవాళ్ళ దగ్గర్నుంచి వస్తున్నాయా?" అని మా అమ్మాయి అంటే కొందరు నవ్వారు. చివర్లో ఒక పెద్దావిడ లేచింది. ఎక్కడో చిన్న ఊరి చివర ఒక్కతే గ్రంథాలయం నడుపుకునే మనిషి. "నాకు మనసులో ఒప్పే అమ్మా. కానీ ఆ మైకు వాళ్ళు మా ఊళ్ళో కిటికీలు పగలగొడితే నువ్వొస్తావా, సంఘం వస్తుందా?" అంది. దానికి ఎవరూ నవ్వలేదు.

సర్దుబాటు గారు గొంతు సవరించుకున్నాడు. "చూడండి. మూలలు కోస్తున్నారనడానికి నిబంధన లేదు, ఉత్తర్వు లేదు, సాక్ష్యం లేదు. మన బైండరు గారు ఇక్కడే ఉన్నారు. ఎలుకలని ఆయనే చెప్పారు, వాళ్ళింట్లో, ఈ అమ్మాయి ఎదురుగానే." నావైపు చూసి నవ్వాడు. "ఏమోయ్, అంతేగా?"

గదంతా నవ్వింది. మా అమ్మాయి తల వంచుకుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. చదువు మానేసేటప్పుడు పలకా బలపం సర్దుకునే పిల్లలా సర్దుకుంటోంది.

నేను లేచాను. "ఎలుక నేనేనండీ" అన్నాను.

నవ్వు ఇంకా పెరిగింది. ఎవరో "కళ్ళజోడు ఏది?" అన్నారు. నలభై ఏళ్ళు మేకల్ని పడవెక్కిస్తే ఇలాగే అవుతుంది. ఇంకేం చెప్పినా ఇంకో కథే అవుతుందని అర్థమైంది. మాట్లాడ్డం మానేసి బల్ల దగ్గరికి నడిచాను. సర్దుబాటు గారి ముందు సంఘం మినిట్సు పుస్తకం ఉంది. సమావేశంలో జరిగిందంతా రాసే లావు రిజిస్టరు. కుట్టింది నేనే. తీసుకున్నాను. జేబులోంచి కత్తి తీసి, అట్ట మూల మీద గుడ్డ కోశాను.

"ఏయ్, ఏయ్!" అన్నాడాయన.

మూడుకోణాల ముక్కలు రెండు బల్ల మీద పడ్డాయి. రెండో మూల కోశాను. ఇంకో రెండు. ప్రతిదాని మీదా ఒక నంబరు. మా అమ్మాయి పరిచిన కార్డు ఒకటి తీసి, ఒక ముక్క దానికి ఆనించి పెట్టాను. నంబరు వేరు, కోత మాత్రం ఒకటే. వెంట్రుక కూడా దూరనంతగా కుదిరింది.

"నేనే కోశాను. ముప్పై నాలుగేళ్ళు" అన్నాను. "మీ ఊళ్ళలో లావు పుస్తకాలన్నీ నా చేతివే. మూలలు నొక్కి చూసుకోండి."

కొందరు తమ ముందున్న రిజిస్టర్ల మూలల మీద వేళ్ళు పెట్టారు. పెట్టి, వెంటనే తీసేశారు.

మా అమ్మాయి బల్ల మీది ముక్కల్లో ఒకటి తీసుకుంది. చిన్నప్పుడు అలాంటి ముక్కల్ని ఆరేసి చొప్పున కలిపి, జిగురు పెట్టి నక్షత్రాలు చేసేది. షెడ్డు గోడ నిండా అతికించేది. ముక్కని వేళ్ళ మధ్య ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. తర్వాత మిగతావాటి పక్కనే, జాగ్రత్తగా, మళ్ళీ పెట్టేసింది.

సర్దుబాటు గారు తేరుకున్నాడు. "మినిట్సు పుస్తకం పాడైంది. రాయడానికి పుస్తకం లేకుండా తీర్మానం చెల్లదు. సమావేశం వాయిదా..."

"నాన్నా," అంది మా అమ్మాయి. నావైపు చూడలేదు. "కుట్టు."

పైకెళ్ళి సూదీ, దారం, జిగురూ తెచ్చాను. ముప్పై మూడు మంది చూస్తుండగా కుట్టాను. జీవితంలో ఎప్పుడూ అంత వంకరగా కుట్టలేదు. మూలల్లో ఏమీ పెట్టకుండా వట్టి గుడ్డ మడిచాను. మెత్తగా వచ్చాయి. ఆ అరగంటా గదిలో దారం లాగిన చప్పుడు, బయట మైకు. ఒక్కరూ లేచి వెళ్ళలేదు. ఆ పెద్దావిడ మాత్రం జిగురు గిన్నె ఇటు జరిపింది, నాకు అందేలా.

చేతులెత్తమన్నారు. ఒప్పుకున్నవాళ్ళు పద్దెనిమిది, కాదన్నవాళ్ళు పదమూడు, ఎటూ ఎత్తనివాళ్ళు ఇద్దరు. పెద్దావిడ చెయ్యి సగం లేచి, ఆగి, తర్వాత పూర్తిగా లేచింది. తడి ఆరని పుస్తకంలో అధ్యక్షుడే తన చేత్తో రాశాడు.

బయటికొచ్చి చూస్తే ఇస్త్రీ ఆవిడ లేదు. ఎప్పుడు వెళ్ళిందో తెలీదు. అంతా వినే వెళ్ళుంటుంది.

ఎన్నికల్లో ఎవరు గెలిచారో చెప్పను. చెబితే మీరు ఈ కథ వదిలేసి ఆయన గురించి మాట్లాడుకుంటారు. పోలింగు ముందు రోజు మా కిటికీ అద్దాలు మూడు పగిలాయి. పెద్దావిడ బస్సెక్కి వచ్చి, గాజు పెంకులు ఏరి, టీ కూడా తాగకుండా వెళ్ళింది. నెల తిరక్కుండా మా అమ్మాయికి బదిలీ. ముప్పై మూడింటిలో అన్నిటికంటే దూరమైనది, బస్సులో మూడు గంటలు. ఉత్తర్వు మీద సంతకం పెట్టి, సర్దుబాటు గారే తెచ్చిచ్చాడు. "సర్దుకో అమ్మా" అన్నాడు. కళ్ళలోకి చూడలేకపోయాడు పాపం.

మా అమ్మాయి నాతో మాట్లాడ్డం మానలేదు. అన్నానికి రమ్మనేది, మందులు వేసుకున్నావా అనేది. కానీ ఏదైనా కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేది. సామాన్లు సర్దుతున్న రోజు, పెట్టెకి తాడు బిగిస్తూ, వీపు నావైపు పెట్టి అడిగింది.

"ఎన్ని కోశావు నాన్నా?"

పుట్టి బుద్ధెరిగాక నేను ఏ అంకెనీ రెట్టింపు చెయ్యకుండా చెప్పలేదు. ఆవేళ సగం చేసి చెప్పాలనిపించింది.

"అరవై ఒక్క కట్టలు. వందేసి. పైన ముప్పై ఎనిమిది."

తాడు ముడి వేసింది. "నేను గోడ మీద అతికించినవి కూడా కలిపా?"

"కలిపే."

ఇది జరిగి మూడేళ్ళయింది. మూల ఉన్న కొత్త కార్డు రాగానే ఇస్త్రీ ఆవిడ నవల ఇంటికి తీసుకెళ్ళింది. మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించింది. వాళ్ళమ్మ అంతా విని, "నువ్వు కలిపి చెప్పిందే బాగుందే" అందట. ఆ ముసలావిడ నాకు చుట్టం అయ్యుండాల్సింది.

నేను వారానికి రెండుసార్లు బస్సెక్కుతాను. ఒక్కో గ్రంథాలయానికి వెళ్ళి, నా పాత పుస్తకాల మూలలు విప్పి, ముక్కలు తీసి, వట్టి గుడ్డతో మళ్ళీ మడుస్తాను. మొదటి ఏడాది ఒక్కణ్ణే వెళ్ళాను. ఇప్పుడు సెలవు రోజుల్లో మా అమ్మాయి వస్తోంది. నేను విప్పుతాను, అది నంబరు చూసి రాస్తుంది. ముక్కలు ఒక రేకు డబ్బాలో వేస్తాం. అడిగినవాళ్ళకి వాళ్ళ ముక్క ఇస్తాం. ఇప్పటికి రెండు వేలు దాటాయి.

ఇస్త్రీ ఆవిడ ముక్క కూడా దొరికిందనీ, అది ఆ నవల మూలలోనే ఉందనీ మీరనుకుంటారు. ఒకప్పుడైతే నేనూ అలాగే చెప్పేవాణ్ణి, పక్కన ఒక మేకని కూడా నిలబెట్టేవాణ్ణి. ఆ నవల నాలుగు మూలలూ నేనే విప్పాను. అందులో లేదు. మొన్న బండి దగ్గర ఆగితే ఆవిడ పెట్టె పక్కన పెట్టి అడిగింది.

"అమ్మ అడుగుతోంది బాబాయ్. దొరికిందా?"

"ఇంకా లేదమ్మా" అన్నాను.

మా అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. "నిజమే చెబుతున్నాడు" అంది.